చెవులకొక క్రొత్త సొమ్ము

గత సంక్రాంతికి బెంగుళూరునుండి వచ్చిన మా మరిది పెట్టె విప్పుచుండగా, చీరయో వెండి కుంకుమభరిణయో తీయునని మేమెదురుచూచితిమి. అతడు రెండు నల్లని అట్టపెట్టెలు తీసి మా ముందుంచి, "వదినా! చెవులకు సొమ్ము" అని నవ్వెను. విప్పి చూడగా నవి హెడ్‌ఫోనులు. వానిలో నొకదాని వెల ఇరువదివేల రూపాయలకు పైమాట యని విని మా వారు కొంతసేపు మాటాడలేదు. మా మనసునను లెక్క కదలెను. ఆ పైకముతో మా యింటికి దాదాపు ఏడాది బియ్యము వచ్చును. అయినను అవి మాకొఱకు కొన్నవి కావు, అతడు తన ముచ్చటకు కొనుక్కొన్నవి. కనుమ వెళ్లిన మఱునాడు తిరిగి పోవుచు, "వేసవివరకు ఇక్కడే ఉండనీ వదినా. నీ చెవికి ఎలాగున్నాయో విని చెప్పు" అని విడిచిపోయెను. సంగీతము విషయమున మా చెవిమీద అతనికి గురి. అతనికి చెప్పిన సంగతులనే కొంచెము విరివిగా సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ఆ గురికి కారణము లేకపోలేదు. మా పుట్టిల్లు శ్రీకాకుళము. నాగావళి యొడ్డున మా తాతగారి యింట భారత భాగవతములు చదువుకొన్న దినములలో, పాఠమునకు ముందు ఉదయపు రేడియోలో సంగీతము వినుట మాకొక నియమము. పద్యమును రాగము తప్పి చదివినచో తాతగారు మాటాడక పుస్తకము మూసివేసెడివారు. మెట్టినయిల్లు బొబ్బిలి. ఇచ్చటికి చేరువనున్న గొల్లపల్లిలో పనసమాను నేకాండిగా తొలిచి వీణలు చేయుదురు. మైనముమీద 24 మెట్లను నిలుపునపుడు ఒక్కొక్కదానికడ తీగను మీటి వినుచు, మెట్టును వెండ్రుకవాసి జరుపుచు, మఱల మీటుచుందురు. ఆ పని జరుగుచోట ఒక గంట కూర్చున్నచో ఎవరి చెవియైనను కొంత పదునెక్కక మానదు.

చెవి పదునుగా నున్నను వినుటకు తీరిక యుండవలెను గదా. పెండ్లియైన యీ పదునాలుగేండ్లలో ఒక కీర్తనను మొదటినుండి తుదివఱకు ఎడతెగక వినిన జ్ఞాపకము మాకు లేదు. పల్లవికి కుక్కరు కూయును. అనుపల్లవికి పాలవాడు పిలుచును. చరణమునకు "అమ్మా, నా లెక్కల పుస్తకమేది?" అని పిల్లవాడు వచ్చును. ఇల్లాలి చెవులలో నొకటి పొయ్యిమీదను, మఱియొకటి వీథితలుపుమీదను ఉండగా, పాటకు మిగులున దేమి? ఇది ఫిర్యాదుగా చెప్పుట లేదు. చదువరులలో పెక్కుమంది స్థితి ఇదియే యని యెఱిగి చెప్పుచున్నాము.

కావున ఆ రాత్రి అందఱును నిద్రించిన పిదప, వంటిల్లు కడిగి, తలుపు చేరవేసి, మొదటి పెట్టెలోనిది తలకు పెట్టుకొంటిమి. ఇది జర్మనీదేశమున 1945లో స్థాపింపబడిన సెన్‌హైజరు సంస్థవారి హెచ్.డి. 600 అనునది. 1997లో మొదట అంగడికి వచ్చినది. బరువు 260 గ్రాములు, అనగా పావుకిలోకు రవంత యెక్కువ. మఖమలు మెత్తలు చెవిని నొక్కక, చెవిచుట్టును గూడు కట్టినట్లు కూర్చుండును. దీని నిరోధము 300 ఓములగుటచే ఉత్త ఫోను దీనిని చాలినంతగా పలికింపజాలదు. అందుచే అరచేతిలో నిముడు ఆంప్లిఫయరు నొకదానిని మరిదియే నడుమ తగిలించి, వాడుక నేర్పి పోయెను.

మొదట ఏమి వినవలెనని ఆలోచింపవలసిన పని లేకపోయెను. మా విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల 1919లో వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచ్చట వయొలిను ఆచార్యులుగా చేరి, 1936లో అధ్యక్షులైరి. 1941లో వారికి సంగీత కళానిధి బిరుదము లభించినది. వారి పాత గ్రామఫోను రికార్డులు కొన్ని నేడు అంతర్జాలమున దొరకుచున్నవి. చిన్ననాడు తాతగారి రేడియోలో విని, ఆ పిదప వంటింట ఫోనులో వినిన రికార్డు నొకదానిని పెట్టితిమి.

ముందుగా వినబడినది వయొలిను కాదు. నూనెలో అప్పడము వేగునట్టి సన్నని చప్పుడు. అది సూది గాడిలో నడచు చప్పుడని కొంత తడవునకు తెలిసినది. ఫోనులో అది యెప్పుడును ఇంత స్పష్టముగా వినబడలేదు. అయ్యో, ఇంత వెలపెట్టి కొన్నది ఈ గీరుడు వినుటకా యని మొదట విసుగు కలిగెను. అంతలో కమాను తీగను తాకెను. తాకుటకును స్వరము పుట్టుటకును నడుమ వెండ్రుకంత యెడము కలదు. ఆ యెడములో తీగ యొక్కసారి కమానును పట్టుకొని విడుచును. ఇన్నాళ్లును మేము స్వరమును వింటిమి గాని, స్వరము పుట్టుటను వినలేదు. గమకమునకు వ్రేలు జాఱునపుడు ఎంత మెల్లగా జాఱెనో, ఎచ్చట నిలుచునో, నిలిచిన పిదప ఎంతసేపు వడకునో చేతితో తడవి చూచినట్లు తెలిసెను. ఆ కాలపు రికార్డు ఒక్కొక్క ప్రక్కను మూడు నిమిషములకు మించి యెక్కువ పట్టదు. గంటసేపు విస్తరింపదగిన దానిని ఆ యిఱుకులో నిముడ్చుచును ఆ మహానుభావుడు ఎచ్చటను తొందరపడలేదు. మేమే తొందరపడి వినుచుంటిమని అప్పుడు తోచెను.

ఆ మూడు నిమిషములలో మమ్మెవరును పిలువలేదు. ముగిసిన పిదప సూది ఒట్టిగాడిలో తిరుగు చప్పుడును సైతము తుదివఱకు విని, మఱల మొదటినుండి పెట్టితిమి. మేము పడుకొనునప్పటికి రాత్రి ఒంటిగంట దాటెను.

ఇందలి కీలు చెప్పుట కష్టము కాదు. చెవికెదురుగా పలుచని పొర యొకటి, దాని వెనుక నంటిన సన్నని తీగచుట్ట, దాని చుట్టును అయస్కాంతము. పాట విద్యుత్తుగా మాఱి తీగచుట్టలో పాఱగా, అది అయస్కాంతముచే ముందువెనుకలకు కదలి పొరను కదలించును. పొర కదలిక గాలిని, గాలి మన కర్ణభేరిని కదలించును. ఆరోగ్యవంతమైన లేతవయసు చెవికి సెకనుకు 20 మొదలు 20,000 కంపనములవఱకు వినబడునందురు. ఈ హెడ్‌ఫోను 12 మొదలు 39,000 వఱకు పలుకునని చేసినవారు వ్రాసికొన్నారు. గబ్బిలములకు గాని పనికిరాని ఆ పైవాటా మనకేల యని మా వారి పరిహాసము. అది నిజమే. మంచిదానికిని చౌకదానికిని భేదము ఆ యంకెలలో లేదు. చౌకదానిలో గుమగుమలాడు మంద్రమో, చుఱుక్కుమను తారమో ముందుకు దుమికి, నడిమి స్వరములను త్రోసివేయును. వడ్డనలో ఒకరికే నేయి వేసినట్లుండును. మంచిదానిలో ఏ స్వరమునకును పక్షపాతము లేదు. పొరయంతటను తీగను పఱచిన ప్లేనారు జాతి, విద్యుత్తుతో నిండిన పొరగల ఎలక్ట్రోస్టాటికు జాతి యని ఇంతకంటె వెలగలవి యెన్నియో యున్నవి. వాని వెలలిచ్చట వ్రాసినచో మా వారు ఈ పత్రికను మఱల మా యింటికి రానీయరు.

ఈ సాధనము పుట్టుకను గూర్చి చదివినపుడు ఒక సంగతి మాకు మిక్కిలి నచ్చినది. సుమారు 1910లో అమెరికాలోని యూటా ప్రాంతమున నథానియేలు బాల్డ్విననునతడు తన వంటింట కూర్చుండి వీనిని చేసి, ఆ దేశపు నౌకాదళమునకు అమ్మెనట. వంటింట పుట్టిన వస్తువును మేము వంటింటనే పరీక్షించుట తగియే యున్నది.

మఱునాటి రాత్రి సుశీలగారి పాటలు వింటిమి. ఆమె 1935లో విజయనగరమున జనించి, పైన చెప్పిన కళాశాలలోనే సంగీతము నభ్యసించిన విదుషి. 1955లో వచ్చిన మిస్సమ్మ చిత్రమునకు సంగీతము కూర్చిన సాలూరి రాజేశ్వరరావుగారును మా సాలూరు ప్రాంతమువారే. అందులో ఆమె పాడిన పాట పెట్టగా, వాద్యములును కంఠమును కలిసి ఎడమకును గాక కుడికిని గాక, మా తలనడుమ రెండు కనుబొమల వెనుక పలికెను. ఆ కాలపు సినిమాపాటలను ఒకే ధారగా ముద్రించుటచే రెండు చెవులకును ఒక్కటే వచ్చును. అందుచే నిట్లు తోచును. మొదట చిత్రముగా నున్నను, ఒకరు మన తలలో కూర్చుండి మనకొఱకే పాడుచున్నట్లు క్రమముగా అలవాటగును. పంక్తికిని పంక్తికిని నడుమ ఆమె ఊపిరి తీయుట వినబడెను. సకారము పలుకునపుడు దంతములనడుమ సన్నగా జాఱు గాలియు, తకారమునకు నాలుక తాకి విడుటయు వినబడెను. ఇరువదేండ్లు నిండని పిల్ల అంత నిర్మలముగా అక్షరమును పలుకుట మేము పద్యము చదువుకొన్న దినములను జ్ఞప్తికి తెచ్చెను.

తరువాతి కాలపు పాటలలో రెండు ధారలుండును. మృదంగ మెడమచెవికి, వేణువు కుడిచెవికి, గాయని నడుమను. ఇది మొదటి రోజున వినోదముగా నుండినను, మా మట్టుకు మాకు అంతగా రుచింపలేదు. కచ్చేరిలో మృదంగమువారు మన ఎడమచెవికి చేరగిలబడి కూర్చుండరు గదా.

పొగడ్తలే వ్రాయుట న్యాయము కాదు. వీణను విన్నప్పుడు ఈ సొమ్ము పూర్తిగా నెగ్గలేదు. గోరు తీగను మీటుట, తీగ మెట్టుమీద ఒరయుట, అన్నియు గొల్లపల్లిలో ప్రక్కను కూర్చుండి వినినట్లే యున్నవి. కాని వీణను ఒడిలో పెట్టుకొన్నవారికి మంద్రము మీటినపుడు కుండలోనుండి ఒక వణకు తొడలకును చాపకును ప్రాకుట తెలియును. ఆ వణకు ఇందులో లేదు. చెవి యంతయు విన్నది, ఒడలేమియు వినలేదు. ఇంకొక లోపము: ఇది దేనినీ దాచదు. చెడ్డ ప్రతిని పెట్టినచో అది యెంత చెడ్డదో చూపును. మేమెంతో ప్రీతితో దాచుకొన్న పాటలలో సగము అరిగిన జల్లెడలో పోసినట్లున్నవని తెలిసి మనసు చివుక్కుమనెను.

రెండవ పెట్టెలోనిది వేఱు జాతి. దాని పేరు చెప్పము. మొదటిదాని వీపు జాలితో తెఱచియుండును గనుక, పాట బయటికిని పోవును, ఇంటి చప్పుళ్లు లోనికిని వచ్చును. రెండవదాని చిప్పలు పూర్తిగా మూయబడియుండును. అంతేకాక లోపలి చిన్న మైకులు బయటి చప్పుడును పట్టి, దానికి సరిగా ఎదురైన ధ్వనిని పుట్టించి, రెంటిని నొకదానితో నొకటి రద్దుచేయును. పాట విషయమున దీనిది రెండవ స్థానమే; మంద్రము బలిసి మృదంగపు తొప్పి గుమ్మడికాయవలె వినబడెను. కాని మీట నొక్కగానే ఫ్యాను రొద, మోటారు రొద, వీథిలోని ఆటోల రొద ఒక్కసారిగా అణగినవి. అంతటి నిశ్శబ్దమును మేము పెండ్లి తరువాత ఎఱుగము. నిజము చెప్పవలెనన్నచో, సంగీతమునకు గాదు, ఆ నిశ్శబ్దమునకు మేము లోబడితిమి. రాత్రులు చాలక మధ్యాహ్నములును పెట్టుకొన నారంభించితిమి. ఒక్కొక్కప్పుడు పాటయైనను లేకయే పెట్టుకొని కూర్చుంటిమి.

మా అత్తగారికి అఱువదియెనిమిదేండ్లు. మోకాళ్ల నొప్పులవలన పెరటి మెట్టు దిగునపుడు చేయూత కావలెను. "అమ్మాయీ" యని పిలుతురు, మేము వెళ్లుదుము. మాఘమాసములో ఒకనాటి మధ్యాహ్నము వారు పిలిచిరి. మూడుమారులు పిలిచిరని పొరుగింటావిడ తరువాత చెప్పినది. మేమింట రెండు గదుల దూరమున కన్నులు మూసికొని యుంటిమి. వారు తామే దిగి, కుళాయికడ పాచిమీద కాలుజాఱి పడిరి. కుడిచేతి మణికట్టున ఎముక చిట్లెను. ఆఱు వారములు కట్టు.

మా వారేమియు ననలేదు. అత్తగారు "నేనే తొందరపడ్డాను" అనిరి. ఎవరైనను ఒక్కమాట కఠినముగా అనియుండినచో మాకు కొంత తేలికగా నుండెడిది. ఆ వస్తువుమీద నేరము మోపుట లేదు; చేయుదునన్న పనినే అది చేసినది. దానిని పెట్టెలో పెట్టి బీరువాపై నుంచితిమి. మొదటిదానిని సైతము కొన్నాళ్లు ముట్టలేదు.

మఱల దానిని తీయించినది అత్తగారే. చేయి మెడకు వ్రేలాడదీసికొని ప్రొద్దుపోక, ఒక సాయంకాలము, "ఏటే అమ్మాయీ, అందులో అంత ఏటున్నాదే? నాకూ పెట్టు" అనిరి. జడముడి సవరించి, మెత్తలు సరిగా కూర్చునునట్లు పెట్టి, ద్వారంవారి రికార్డునే వినిపించితిమి. కన్నులు మూసికొని తుదివఱకు వినిరి. అంతకుముందు వారి ముఖమున అట్టి నెమ్మది చూచి చాలకాలమైనది. ముగిసిన పిదప, "మధ్యలో ఆ వేపుడు చప్పుడు అడ్డు వచ్చిందా అత్తయ్యా?" అని యడిగితిమి.

"ఏ చప్పుడూ నేదు. శుభ్రంగా ఉన్నాది."

మేము పెట్టుకొని చూచితిమి. చప్పుడున్నది. మఱల వారికి పెట్టి కొంచెము హెచ్చించితిమి. లేదనిరి. సుశీలగారి పాట పెట్టితిమి. విని, "పిల్ల గొంతు తేనే. మాటలే నమిలేస్తన్నాది" అనిరి.

సుశీలగారు మాటలు నములుటయా! మా చేతిలోని ఫోను క్రింద పెట్టితిమి.

మా వారికొఱకు వచ్చు విద్యార్థులు వాకిట నిలిచి "సారున్నారా?" అని యడుగుదురు. అత్తగారు లోపలినుండి "చారుందమ్మా, గిన్నె తెచ్చుకో" అని బదులు చెప్పుదురు. ఏడాదిగా మా యింట ఇదియొక హాస్యము. పిల్లలు నవ్విరి, మేము నవ్వితిమి. అత్తగారును అందఱు నవ్వుచున్నారని నవ్విరి. ఇంకొకటియు చెప్పవలెను. పనిమాట చెప్పినపుడు పలుకక, పొరుగింటి కబురు చెప్పినపుడు పలికిరని, "తమకు కావలసినదే వినబడును" అని మేము మా వారితో ఒకటి రెండుమారులు దెప్పియుంటిమి. పొరుగింటి కబురు ముఖమెదుట కూర్చుండి చెప్పుదుము, పనిమాట వంటింటినుండి వెన్ను త్రిప్పి చెప్పుదుము. ఈ భేదము మాకు తోచలేదు.

విజయనగరమునకు తీసికొని వెళ్లితిమి. చెవుల వైద్యశాలలో చిన్న మూతగదిలో కూర్చుండబెట్టి, వారి తలకు మఱల హెడ్‌ఫోనే పెట్టిరి. లోపల సన్నని కూత వినబడినప్పుడెల్ల మీట నొక్కవలెను. అద్దమునకు బయట మేము నిలిచి చూచుచుంటిమి. కొంతసేపు వెంటవెంట నొక్కిరి. ఆ పిదప వ్రేలు మీటమీద నుంచి, మావైపు చూచుచు, చాలసేపు ఊరక కూర్చుండిరి.

తరువాత కాగితముమీద గీత చూపిరి. మంద్రమున సమముగా నడచి, 2,000 కంపనములు దాటగానే పెంకుటింటి వాలువలె క్రిందికి దిగినది. వయసుతో ఎక్కువమందికి ముందుగా పోవునవి తారధ్వనులేనట. మాటలోని అచ్చులు మంద్రమున బలముగా నుండును. స, శ, చ, త, క వంటి హల్లుల గుర్తు చాలవఱకు పైయెత్తున, బలహీనముగా నుండును. కావున మాట వినబడును, ఏమాటయో తెలియదు. మన వ్యాకరణమున అచ్చులను ప్రాణములనియు హల్లులను ప్రాణులనియు అందురు. మా అత్తగారి చెవిలో ప్రాణములు మిగిలి ప్రాణులు జాఱిపోవుచున్నవి. బిగ్గఱగా నఱచుటవలన లాభము లేదు; అఱపులో హెచ్చునవి అచ్చులే. ఎదుట నిలిచి, మెల్లగా, పెదవులు కనబడునట్లు మాటాడుమనిరి.

అచ్చటనే పిల్లల విషయమున అడిగి తెలిసికొంటిమి. వారమునకు 80 డెసిబెళ్ల ధ్వనిని 40 గంటలు వినవచ్చుననియు, 90 అయినచో 4 గంటలే యనియు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు హద్దు పెట్టిరి. పది డెసిబెళ్లు హెచ్చినంతనే కాలము పదియవవంతైనది. చౌకవస్తువుతో బస్సులో పాట వినువారు బస్సు రొదను మించుటకై హెచ్చింతురు, అదియే ప్రమాదము. వయసువలన పోయినదియు, రొదవలన పోయినదియు తిరిగి రాదు.

బస్సులో తిరిగి వచ్చుచు అత్తగారు మా చెవికడ, "నువ్వు పిలిస్తే నాకు వినబడదు, నేను పిలిస్తే నీకు వినబడదు. సరిపోయింది" అనిరి. నవ్వుచునే అనిరి. మేము నవ్వలేకపోతిమి.

వినికిడి యంత్రములు రెండు కొంటిమి. వాని వెల ఆ హెడ్‌ఫోనుల వెలకు మించినది. ఈమారు మా వారు బియ్యము లెక్క వేయలేదు. సెన్‌హైజరువారి హెడ్‌ఫోనుల వ్యాపారమును 2022లో కొన్నవారు స్విట్జర్లాండులోని సోనోవా యను వినికిడి యంత్రముల సంస్థవారే యని మరిది ఫోనులో చెప్పెను. మా యింటి బీరువాలో ఆ రెండు తెగల వస్తువులును ఇప్పుడు ప్రక్కప్రక్కనే యున్నవి.

యంత్రములు పెట్టుకొన్న మొదటిదినమంతయు అత్తగారు విసుగుకొనిరి. గాజుల చప్పుడు, కాగితము మడత, తిరగమోతలో ఆవాల చిటపట, అన్నియు దెబ్బలాటవలె నున్నవనిరి. రెండవనాటి మధ్యాహ్నము, మండుటెండలో, ద్వారంవారి ఆ రికార్డునే ఫోనులో మెల్లగా పెట్టితిమి. వారు రెండు క్షణములు విని, తల యెత్తి పెరటివైపు చూచి, "వాన పడతన్నాదేటే? డాబామీద వడియాలున్నాయి, తియ్యండర్రా!" అని కేకవేసిరి.